చైనా గంజు

బార్డోలీ,
9 ఆగస్టు, 2020.

సంధ్యకు,

నిలదీద్దామని ఫోన్లో రెండు మాటలు అన్నానో లేదో నా నంబరు బ్లాక్ చేశావు. తపాలా మనిషిని బ్లాక్ చేసే మీట ఏ ఫోన్లోనూ ఉండదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీవెనలతో మొదలుపెట్టడం మర్యాద, కానీ చెయ్యి రావడం లేదు. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మా అమ్మ క్షేమంగా లేదన్న సంగతి మీ గల్లీలో ఉండే బాలవ్వ చెప్తే తెలిసింది.

అమ్మకు జ్వరం వచ్చిందట. ముక్కుకు వాసన, నాలుకకు రుచి పోయాయట. మంచం పట్టి మళ్ళీ లేచిందట. ఇవన్నీ జూలైలో జరిగితే నాకు ఆగస్టులో, అదీ పరాయి మనిషి నోట తెలియాలా? నేను ఆమె కన్నకూతురిని. బార్డోలీ నుంచి సూరత్ ఎంత దూరం? బస్సు లేకపోతే నడిచైనా వచ్చేదాన్ని. నువ్వు చెప్పకపోతే పోయావు, నరహరి నా తోడబుట్టినవాడు, వాడైనా చెప్పాలి. వాడికి ఉన్న ఒక్క నోరూ నీ దగ్గర తాకట్టులో ఉంది.

అది చాలదన్నట్టు బాలవ్వ నాకు ఒక వీడియో పంపింది. మీ హారతి తన స్టేటస్‌లో పెట్టిందట. నేల మీద బొగ్గుల సిగిడీ, దాని మీద గంజు, అందులో ఎర్రగా ఏదో మరుగుతోంది. చుట్టూ మీరు ముగ్గురు, మీ మధ్యలో మా అమ్మ. అందరూ ఆ ఒక్క గంజులోనే ముంచుకుని తింటున్నారు. మా అమ్మ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతోంది.

మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎంతో నీ పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. ఒకరు తాగిన చెంబు ఇంకొకరం ముట్టుకోము. మా బాపు కనకయ్య బతికున్నన్నాళ్ళూ అమ్మ ఆయన ఎదుట కూర్చుని ఒక్క మెతుకు నోట్లో పెట్టలేదు. అలాంటి మనిషిని, మనిషిని మనిషి ముట్టుకోవడానికి భయపడే ఈ రోజుల్లో, జ్వరం తగ్గీ తగ్గకముందే నలుగురి ఎంగిలి గంజు ముందు కూర్చోబెట్టావు. అదీ చైనావాళ్ళ తిండి. నరహరిని వాడి సేఠ్ కొత్త మగ్గాల పని నేర్చుకోవడానికి చైనా పంపాడన్న ఒక్క పాపానికి, మార్చిలో మీ గల్లీవాళ్ళు మీ గుమ్మం ముందు మందునీళ్ళు చల్లారు. మీది 'చైనా ఇల్లు' అని పేరు పెట్టారు. ఆ పేరు చెరుపుకోవాల్సింది పోయి దానికి పొయ్యి పెట్టి వండుతున్నారు.

చక్కెర మిల్లు నుంచి వచ్చి ఆ వీడియో మా ఆయన కూడా చూశారు. "గా ముసలామెను గట్ల ఆగం చేస్తున్నరేంది? మిల్లుల నలుగురు చూస్తే నన్నేమంటరు?" అన్నారు.

గంజు తీసెయ్యి. వీడియో తీసెయ్యమని హారతికి చెప్పు. అమ్మకు ఆమె పళ్ళెంలో ఆమెకు వేరుగా పెట్టు. ఇవన్నీ జరిగాక నరహరితో నాకు ఫోన్ చేయించు.

పద్మారాణి


వడోద్, సూరత్,
17 ఆగస్టు, 2020.

పద్మ వదినకు,

మీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరూ ఉండగా పైకే చదివాను. మీ తమ్ముడు సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. హారతి, "వీడియో తీసేస్తే ఫోయీ గెలిచినట్టు, నేను తీయను" అంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల కదా, మేనత్తను ఫోయీ అంటుంది. అత్తమ్మ ఒక్కతే చివరిదాకా విని, "అది చిన్నప్పటిసంది గంతే, ముక్కు మీద కోపం" అని వెల్లుల్లి ఒలుచుకోవడంలో పడింది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అని మా అమ్మ లింగవ్వ అంటుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

జ్వరం సంగతి ఎందుకు చెప్పలేదని అడిగారు. ఏప్రిల్‌లో మీ తమ్ముడు మీ ఇంటికి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒక్కటే గది, అత్తమ్మను కొన్నాళ్ళు బార్డోలీలో ఉంచుకుంటారా అని అడిగాడు. ఎత్తింది మీ ఆయన, లింగమూర్తి అన్న. "సూరత్ నుంచి ఎవ్వలు రావద్దు. చైనా పోయొచ్చినోని ఇంట్ల నుంచి అసల్కే రావద్దు" అన్నాడు. మీకు ఆ సంగతి తెలియకపోతే మీ ఆయన్ని అడగండి, తెలిసే ఊరుకుంటే నన్ను అడగకండి. ఆ మాట విన్నాక జూలైలో మీకు ఏ ముఖంతో చెప్తాం? నడిచైనా వచ్చేదాన్నంటున్నారు. నడిచి వచ్చి, గేటు బయట నిలబడి నన్ను నాలుగు తిట్టి, నడిచి వెళ్ళేవాళ్ళు.

ఇక గంజు విషయం. ఈ ఊళ్ళో మగ్గాలకు పన్నెండు గంటల షిఫ్టు, పాలీ అంటారు, మీకు తెలుసు. మీ తమ్ముడు పగలు పాలీకి పోతే పొద్దున చీకటితో తిని పోవాలి, రాత్రి పాలీకి పోతే అందరూ నిద్ర లేచే వేళకు వచ్చి తినాలి. హారతికి బడి, నాకు చీరలకు రాళ్ళు అంటించే పని. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నలుగురం ఒక్కసారి కూర్చుని తిన్నది లేదు. ఎవరు వస్తే వాళ్ళకు వేడి చేసి పెట్టడం, ఆఖరికి మిగిలింది గిన్నె అడుగు గీరుకోవడం. ఆ ఆఖరు మనిషిని నేను కాదు. "మీరు తినుండ్రి, నాకు ఆకలైతలేదు" అంటూ అత్తమ్మ నా తర్వాతే తినేది. ఎంత మొత్తుకున్నా వినలేదు.

లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగాయి. మీ తమ్ముడు ఈ నాలుగు గోడల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఒకనాడు పెట్టె తెరిచి చైనా నుంచి తెచ్చిన మిరియాల పొట్లం తీశాడు. అక్కడ మిషన్ పనివాళ్ళంతా ఆదివారం ఒక్క గంజు చుట్టూ కూర్చుని తినేవాళ్ళట. "ఆడ వండేటోళ్ళు లేరు, వడ్డించేటోళ్ళు లేరు. అందరు ఒక్కపారే కూసుంటరు. ఎవనిది వాడు ఉడకేసుకుంటడు" అన్నాడు. ఆ మాట విని నేనే సిగిడీ వెలిగించాను.

మేక బొక్కలతో పల్చటి చారు కాస్తాం. అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప, ఆ మిరియాలు వేస్తాం. అవి కారం ఉండవు, నాలుకకు తిమ్మిరి ఎక్కిస్తాయి. చారు సిగిడీ మీద మరుగుతూనే ఉండాలి. చుట్టూ పళ్ళాల్లో ఆలుగడ్డ, గోబీ, పాలకూర, పాపడి చిక్కుడు, సేమ్యా, కోడిమాంసం. కోడిని ఫ్రిజ్‌లో గడ్డ కట్టేదాకా పెట్టి, మీ తమ్ముడే కాగితమంత పల్చగా కోస్తాడు. ఎవరికి కావలసింది వాళ్ళు మరిగే చారులో ముంచి, ఉడకగానే తీసుకుని, నంజుకుని తినడమే. అక్కడ నువ్వులతో చేసిన ముద్దలో నంజుకుంటారని మీ తమ్ముడు చెప్పబోతే, "గది నువ్వుల తొక్కే కదరా, దానికి చైనా పోవాల్నా" అని అత్తమ్మ లేచి నూరింది.

ఎంగిలి అన్నారు. గంజులో ఎవరి చెయ్యీ పడదు, ఎవరి చెంచా పడదు. చాయ్ వడగట్టే జాలీలు తెచ్చుకున్నాం, ఎవరి జాలీ వాళ్ళది. ముక్కలు జాలీలో వేసి ముంచి, పళ్ళెంలో ఒంపుకుని, చేత్తో తింటాం. జాలీ నోటికి తగలదు. ఈ పద్ధతి పెట్టింది మీ అమ్మే. ఎంగిలి పట్టింపు మీకంటే ఆమెకే ఎక్కువ. వీడియో సరిగ్గా చూసుంటే మీకే కనిపించేది.

జ్వరం తగ్గాక అన్నం మట్టిలా ఉందని ఆమె రెండు ముద్దలు కూడా మింగలేదు. పప్పు పెట్టాను, పాలు పోశాను, ఏడ్చాను. ఈ చారు నాలుక మీద పడ్డాక, "నాల్కె గుంజుతున్నది బిడ్డా, ఇంకింత పొయ్" అని అడిగింది. ఆమె నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదటిసారి. ఆ రోజు హారతి ఫోన్‌ను గోడకు ఆనించి వీడియో తీసింది.

ఒక్క మాట అడుగుతాను. మీ అమ్మ వేడన్నం తింటుంటే మీరు ఎప్పుడైనా చూశారా? గంజు తీయను.

సంధ్య


బార్డోలీ,
26 ఆగస్టు, 2020.

సంధ్యకు,

చూశాను. అడిగావు కాబట్టి చెప్తున్నాను. వెనక వసారాలో, కండెలు చుట్టే రాట్నం పక్కన, బాపు తిని లేచాక, మేం తిని లేచాక, అమ్మ తినేది. రోజూ చూశాను. ఆమె ఆకలితో మాడలేదు, మర్యాదకు ఆగింది. దాన్ని నువ్వు నిన్న మొన్న కనిపెట్టిన ఘోరంలా నాకు రాస్తున్నావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మా అమ్మ ఏనాడూ ఎవరితోనూ ఫిర్యాదు చెప్పుకోలేదు.

ఏప్రిల్ మాట మా ఆయన్ని అడిగాను. "అందరి మంచికే అన్న" అన్నారు. ఇక్కడ మిల్లు కాలనీలో సూరత్ నుంచి ఎవరొచ్చినా ఇల్లు సీలు చేస్తామన్నారు. ఆయన ఉద్యోగం పోతే నువ్వు పెడతావా? నరహరికి అది అర్థమైంది కాబట్టే వాడు మళ్ళీ అడగలేదు. నీకే అర్థం కాలేదు.

మిషన్ విప్పితే మళ్ళీ బిగించేదాకా అన్నం ముట్టని మనిషి మా తమ్ముడు. వాడి చేత కోడిని కోయిస్తున్నావు. అది నాకు పెద్ద సంబరంగా రాశావు కూడా.

ఇప్పుడు రాకపోకలు తెరిచారు. వినాయక చవితి కూడా అయిపోయింది, ఇక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. వచ్చే నెలలో ఒక ఆదివారం జీపు మాట్లాడుకుని వస్తాను. అమ్మను తీసుకుపోతాను. ఆమె చీరలు సర్ది పెట్టు.

పద్మారాణి


వడోద్, సూరత్,
24 సెప్టెంబరు, 2020.

వదినకు,

కోపంలో ఉన్నవాళ్ళకు తమ చేతులు ఏం చేశాయో గుర్తుండదు. అందుకని రాస్తున్నాను.

మీరు వచ్చేసరికి సిగిడీ మీద గంజు మరుగుతోంది. మేం తినలేదు, మీకోసమే ఆగాం. మీకూ ఒక జాలీ కొని కడిగి పెట్టాం. ఎంత తిట్టుకున్నా ఇంటికొచ్చిన ఆడబిడ్డ, ఒక పూట తిని పోతుంది అనుకున్నాను, అది నా తెలివితక్కువతనం. మీరు చెప్పులు విప్పలేదు. మాస్కు దించలేదు. నేరుగా లోపలికి వచ్చి కొంగుతో గంజు ఎత్తి, గల్లీలోకి తీసుకుపోయి మోరీలో ఒంపారు. కిటికీ కిటికీకి ఒక తల కనిపించింది. మార్చిలో మా గుమ్మం ముందు మందునీళ్ళు చల్లినవాళ్ళే అందరూ. బాలవ్వ, "పద్మక్క మంచిపని చేసింది" అని మాకు వినబడేటట్టే అంది.

మీ చెయ్యి కాలింది కదా. మందు రాయడానికి నేను లేచాను కూడా. మీరు చెయ్యి లాక్కున్నారు.

అత్తమ్మ వద్దనలేదు. వద్దనడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కొడుకు వంక చూసింది, అతను గోడ వంక చూశాడు. ఆ సంగతి అతనితో నేను వేరే తేల్చుకున్నాను, అది మీకు అక్కర్లేదు. జీపు ఎక్కేముందు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేను లేనని ఊకె కూసోకుండ్రి, ఆదివారం చేసుకొని తినుండ్రి" అంది. మేం చేసుకోలేదు. ఖటోదరాలో మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి, మీ తమ్ముడికి రాత్రి పాలీ వేశారు. మళ్ళీ ఎవరి పళ్ళెం వాళ్ళదే.

నేను అడిగేది ఇది. అత్తమ్మ ఏం తింటోంది అని అడగను, మీరు కూతురు, మంచివే పెడతారు. ఎప్పుడు తింటోంది? ఎక్కడ కూర్చుని తింటోంది? ఎవరితో తింటోంది? ఉన్నది ఉన్నట్టు రాయండి.

నోటికి ఇంకా రుచి పూర్తిగా రాలేదు ఆమెకు. అందుకని ఒక పొట్లం పంపుతున్నాను. చైనా మిరియాలు అయిపోయాయి. మా పక్కింటి మరాఠీ ఆమె చేపల కూరలో తిర్ఫలం అనే గింజ వేస్తుంది, అది కూడా నాలుకను అలాగే పట్టుకుంటుంది. కొంకణం చెట్టుదే, భయపడకండి. చారులో నాలుగు గింజలు దంచి వేస్తే చాలు.

సంధ్య


బార్డోలీ,
11 అక్టోబరు, 2020.

సంధ్యకు,

అమ్మ బాగుంది. కడుపునిండా తింటోంది. మా ఆయన మిల్లు నుంచి వచ్చి తిన్నాక నేనూ అమ్మా తింటాం. అల్లుడి ఎదుట అత్త కూర్చుని తినదు. ఆ ఆచారం నేను పెట్టింది కాదు, నీ పెళ్ళిలో మీ అమ్మ కూడా నరహరి తినేదాకా తలుపు చాటునే నిలబడింది, గుర్తు తెచ్చుకో.

ఇక్కడ అమ్మకు గాలి ఉంది, వెలుతురు ఉంది, చెరుకు తోటలు ఉన్నాయి. మీ గదిలోలా ముక్కుకు మోరీ వాసన తగలదు. వాసనే తెలియని మనిషికి అది ఎక్కువేమీ కాదనుకుంటావేమో. నీ పొట్లం కూడా చూశాను, చెత్తలో పారేశాను.

నా చెయ్యి మానింది. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను. మళ్ళీ మళ్ళీ ప్రశ్నలు వేస్తూ ఉత్తరాలు రాయకు. మా అమ్మ ఎప్పుడు తినాలో నేను నీకు లెక్క చెప్పుకోవాల్సిన పని లేదు.

పద్మారాణి


వడోద్, సూరత్,
7 జనవరి, 2021.

వదినకు,

రాయొద్దన్నారు. రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అత్తమ్మ. మీ వెనకింటి వెంకటవ్వ ఫోన్ అడిగి తీసుకుందట. దాదాపు నాలుగు నెలల తర్వాత గొంతు వింటున్నాను, ఎట్లున్నవని అడిగాను. "ఏం వండినవు?" అంది. జొన్నరొట్టె, పాపడి కూర అని చెప్పాను. "వేడిగున్నదా?" అంది. ఉన్నదన్నాను. "మంచిది, తినుండ్రి" అని ఫోన్ వెంకటవ్వకు ఇచ్చేసింది.

వెంకటవ్వ పక్కకు పోయి నాతో చెప్పింది. "మీ అత్త సగమైంది బిడ్డా. పొద్దుగాల ఒక చాయ్ తాగుతది. మల్ల అల్లుడొచ్చి తిని పండుకున్నంకనే. గప్పటిదాక ఏమన్న పెడ్తనంటే వద్దంటది, బిడ్డ పరువు పోతదంట."

బిడ్డ పరువు. ఆ మాట దగ్గర నాకు ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. కడుపునిండా తింటోందని రాశారు మీరు. మీ చేత్తో రాశారు, ఆ కాగితం నా దగ్గరే ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. మీరు పెట్టలేదు, పెట్టేదాని చేతిలోంచి గంజు లాగి మోరీలో పోశారు. ఇప్పుడు ఆమె పరాయి ఇంటికి పోయి, పరాయి ఫోన్‌లో, మా ఇంట్లో కూర వేడిగా ఉందా అని అడుగుతోంది. మీకు సిగ్గు లేదు. పెద్దదానివని ఇన్నాళ్ళూ మీరు అని రాశాను, ఇంక రాయను. నీకు సిగ్గు లేదు వదినా.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం నేనూ నీ తమ్ముడూ వస్తాం. ఈసారి అతను గోడ వంక చూడడు, ఒట్టు వేయించాను. మేం మీ గడప దాటం. అత్తమ్మను బయటికి పంపించు.

సంధ్య


బార్డోలీ,
14 జనవరి, 2021.

సంధ్యా,

మీరు రావద్దు. ఎందుకో రాస్తున్నాను, చివరిదాకా చదువు, మధ్యలో చించెయ్యకు.

సిగ్గు లేదని రాశావు. చదివి మండిపోయాను. అమ్మను అడిగాను, "నేను నీ కడుపు మాడుస్తున్ననని ఊరంత చెప్పి వచ్చినవా?" అని అరిచాను కూడా. అమ్మ, "లేదు బిడ్డా, ఊకె ముచ్చట పెట్టిన" అంది. అరిచాను కానీ, ఆ రాత్రి అమ్మ తినేటప్పుడు కాపలా కాసినట్టు చూశాను. నువ్వు రాసింది తప్పని నిరూపించాలని చూశాను.

ఆయన వచ్చారు. స్నానం చేశారు. నేను రొట్టె వెంట రొట్టె కాల్చి వేస్తుంటే టీవీ చూస్తూ తిన్నారు. చెయ్యి కడిగి మంచం మీద ఒరిగారు. అప్పుడు అమ్మ లేచింది. అడుగున మిగిలిన అన్నంలో నీళ్ళు పోసుకుని, గోడ వైపు తిరిగి, నిలబడి తినడం మొదలుపెట్టింది. కూర్చోమన్నాను. "అల్లుడు నీళ్ళడిగితే లేవాలె కదా" అంది. "నేనున్న కదా" అన్నాను. ఆ మాట అంటూ చూసుకుంటే నేనూ నిలబడే ఉన్నాను. నా చేతిలోనూ పళ్ళెం ఉంది. నేను కూడా గోడ వైపు తిరిగే తింటున్నాను. సంధ్యా, నాకు అప్పుడు వచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. దగ్గరలో నువ్వే దొరికావు కాబట్టి ముందు నిన్నే తిట్టుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇంటి నడిమధ్య పొయ్యి పెట్టాను. బజారు నుంచి మూడు చాయ్ జాలీలు తెచ్చి, బొక్కల చారు కాశాను. నీ తిర్ఫలం నిజంగానే పారేశాను, అందుకని అల్లం రెండింతలు వేశాను. కోడిని నరహరిలా పల్చగా కోయడం నాకు రాలేదు, ముక్కలు లావుగా వచ్చాయి. అమ్మ నువ్వులు నూరింది కానీ ఎందుకని అడగలేదు.

ఆయన వచ్చి కూర్చున్నారు. గంజు చూశారు, నన్ను చూశారు. "ఏంది గిది? సరే, వడ్డించు" అన్నారు.

"గిందుల వడ్డించుడు లేదు. ఎవలది వాళ్ళు ముంచుకోవాలె" అని చెప్పి, "అమ్మా, వచ్చి గీడ కూసో" అన్నాను.

అమ్మ తలుపు దగ్గర కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడింది. ఆయన అమ్మ వంక చూడకుండా నాతో అన్నారు, "అత్తమ్మ నా ముందట కూసొని తింటదా? నీకు తెల్వకపోతే ఆమెకు తెల్వదా?"

అమ్మ వెనక్కి తిరిగింది. నేను లేచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. మెల్లగా కూర్చోబెట్టాను అని రాయాలని ఉంది. గట్టిగానే లాగాను. ఆమె జాలీ తీసుకుంది, కోడి ముక్కలు వేసింది, ముంచింది, ఉడికేదాకా పట్టుకుంది. తీసి ఏం చేసిందో తెలుసా? అల్లుడి పళ్ళెంలో ఒంపింది.

నేను ఆ ముక్కలు ఆయన పళ్ళెంలోంచి తీసి అమ్మ పళ్ళెంలో వేశాను.

ఆయన కొంతసేపు ఖాళీ పళ్ళెం చూసుకున్నారు. "గిది నీ తమ్ముని పెండ్లాం నేర్పిందా?" అన్నారు.

"అవ్, నేర్పింది. మస్తు తిట్టి నేర్పింది" అన్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకుని మిల్లు క్యాంటీన్‌కు వెళ్ళిపోయారు. అమ్మ ఏడ్చింది. "నా వల్ల నీ సంసారంల నిప్పులు పడ్డయి బిడ్డా, నన్ను సంధ్య దగ్గర దింపు" అంది. ముందు తినమన్నాను. తినను అంది. తినకపోతే నేనూ తినను అన్నాను. మొదటి జాలీ ఏడుస్తూ తిన్నది, రెండోది ముక్కు తుడుచుకుంటూ తిన్నది. తర్వాత, "గోబీ ఇంకింత ఉన్నదా?" అని అడిగింది.

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. క్యాంటీన్‌లో తిని వస్తున్నారు. నిన్న క్యాంటీన్ మూసేశారేమో, వచ్చి నన్ను కాకుండా అమ్మను అడిగారు, "అన్నమున్నదా?" అని. అమ్మ లేవబోయింది, నేను లేవనివ్వలేదు. "వంటింట్ల ఉన్నది, పెట్టుకోండ్రి" అన్నాను. ఆయన లోపలికి పోయారు. మూతల చప్పుడు వినిపించింది. ఒకటి తీశారు, ఇంకొకటి తీశారు, మళ్ళీ మొదటిది తీశారు. హారతి పుట్టకముందు నుంచీ ఈ ఇంట్లో తింటున్న మనిషికి అన్నం ఏ గిన్నెలో ఉంటుందో తెలియదు. నాకు జాలి కలగాలి. కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ అది ఆయన గొప్పతనం అనుకున్నాను నేను.

ఈ ఆదివారం పొద్దున బస్సుకు అమ్మను తీసుకుని నేనే వస్తున్నాను. అమ్మను దింపి వస్తానని ఆయనకు చెప్పాను. ఎప్పుడు తిరిగి వస్తానో చెప్పలేదు, ఆయన అడగలేదు. "రొట్టెలు చేసి పోతవా?" అని మాత్రం అడిగారు. చేయనని చెప్పాను.

నా మీద నీ కోపం పోలేదని తెలుసు. మోరీలో ఒంపింది ఒంపిందే, దానికి నేను ఏ మాట రాసినా చారు తిరిగి గంజులోకి రాదు. జ్వరం దాచినందుకు నా కోపం కూడా నాకు అలాగే ఉంది. ఎదురెదురుగా కూర్చుని తిట్టుకుందాం, గల్లీ వింటే విననీ.

మేం వచ్చేసరికి నువ్వు పొయ్యి దగ్గర నిలబడి ఉండకు. మాకెవరూ వడ్డించొద్దు.

పద్మ